పదకొండు రూపాయల పౌరుషం

పండగ దగ్గరపడిందంటే పత్రికల అనుబంధాల్లో ఒక పెద్దమనిషి ప్రత్యక్షమవుతాడు. విమానంలో ఊరికెళ్లేవాళ్లు ఒత్తిడి లేకుండా ఎట్లా ప్రయాణం చేయాలో చెబుతాడు. టికెట్టు నెలల ముందే కొనుక్కోండి. సామాను తగ్గించండి. రెండు మూడు గంటలు ముందే ఎయిర్‌పోర్టు చేరండి. నీళ్లు బాగా తాగండి. అప్పటికీ గుండె దడదడలాడితే కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి వదలండి. ఈ పెద్దమనిషి ఇల్లు ఏ శంషాబాదు రన్‌వే పక్కనో ఉండి ఉంటుంది. మా రాయలసీమ ఆళ్లగడ్డలో మాత్రం లేదు.

ఉంటే తెలిసేది, పొద్దున ఆరింటి విమానానికి మూడు గంటలు ముందంటే మాకు నిన్న సాయంత్రమని. శంషాబాదు మాకు మూడొందల కిలోమీటర్లు. నంద్యాల దాకా ఒక బస్సు, అక్కడ్నించి ఇంకోటి, నడిరేయి కర్నూలు బస్టాండులో నాలుకకు తగలని టీ ఒకటి, టోల్‌గేట్ల దగ్గర కునికిపాట్లు. గంట గాల్లో ఎగరడానికి రాత్రంతా నేలమీద పాకాలి. ఇక ఆ నీళ్ల సలహా ఎవరూ పాటించకండి, మీ పుణ్యముంటుంది. రాత్రిబస్సు మళ్లీ ఎక్కడాగుతుందో డ్రైవరుకే తెలియదు.

‘మీకు సొంత ఎయిర్‌పోర్టు ఉంది గదయ్యా’ అంటారు. ఉంది. ఎందుకు లేదు? నంద్యాల నుంచి కర్నూలు పోయే దారిలో, ఓర్వకల్లు రాళ్ల నడుమ, రెండు వేల మీటర్ల రన్‌వేతో ముచ్చటగా ఉంది. 2021 మార్చిలో మొదలైనప్పుడు బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు వేశారు. మా పిల్లల్లో సగం మంది హైదరాబాదులో ఉంటే, ఆ మూడు ఊళ్లలో హైదరాబాదు లేదు. ఆ విమానం రెక్కకు పంకా ఉండే చిన్న ఏటీఆర్. అది కూడా వారంలో ఏ రోజుల్లో వస్తుందో పంచాంగం చూసుకున్నట్టు చూసుకోవాలి. హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా హవాయి జహాజు ఎక్కాలని 2017లో ప్రధానమంత్రి అన్నారు. చెప్పులు మా దగ్గర ఎప్పట్నించో ఉన్నాయి. విమానయాన శాఖేమో 2014 నుంచి నాలుగేళ్లు అశోక్ గజపతిరాజు గారి చేతిలో ఉంది, 2024 నుంచి రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ ఉత్తరాంధ్రవారే. సీమవాడికి ఆ కుర్చీ ఇస్తే ఏటీఆర్‌లో కూడా వర్గాలు కడతాడని భయమేమో!

ఆ ఎయిర్‌పోర్టుకు పెట్టిన పేరు మాత్రం చెప్పుకోవాల్సిందే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆయన ఊరు ఉయ్యాలవాడ ఇప్పుడు మా ఆళ్లగడ్డ నియోజకవర్గంలోనే ఉంది. పాలెగాళ్ల భూములు లాక్కున్న ఈస్టిండియా కంపెనీ, ఆయన వాటాకు నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసల భరణం పడేసింది. 1846లో ఆ పైకం తెమ్మని కోయిలకుంట్లకు మనిషిని పంపితే తహసీల్దారు ఇవ్వకపోగా తిట్టి పంపాడు. రెడ్డి ఏం చేశాడు? కళ్లు మూసుకుని ఊపిరి పీల్చలేదు. నేరుగా పోయి ఖజానా కొట్టాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోటగుమ్మానికి వేలాడదీస్తే, అది ముప్పయ్యేళ్లు అక్కడే వేలాడింది. అట్లాంటి మనిషి పేరు పెట్టుకున్న గడ్డమీద ఇవాళ మేం కన్వీనియన్స్ ఫీజు కట్టి, పోయిన టికెట్టు డబ్బు ఏడు పనిదినాల్లో వస్తుందన్న మెసేజి చూసుకుని, ‘మా సేవ ఎలా ఉంది’ అని అడిగితే ఐదు నక్షత్రాలు నొక్కుతున్నాం. అప్పటిదీ కంపెనీయే, ఇప్పటిదీ కంపెనీయే. తేడా వచ్చింది మాలోనే.

టికెట్టు ముందే కొనమంటారు గదా, కొన్నాం అనుకోండి. సెలవు దొరకలేదు, రద్దు చేసుకోవాలి. ఎనిమిది వేలకు కొన్న సీటుకు ఎనిమిది వందలు చేతిలో పెడతారు. సెలవు దొరికింది, మళ్లీ కొనాలి. అదే సీటు పద్నాలుగు వేలంటారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు ధాన్యం గురించి అన్నారు గానీ, వాళ్లకు డైనమిక్ ప్రైసింగ్ ముందే తెలుసు. నంద్యాలలో సోనామసూరి పండించే రైతు సంక్రాంతికి బియ్యం ధర గంటకోసారి పెంచితే బ్లాక్ మార్కెట్ అంటారు. అదే పని కంప్యూటరు చేస్తే అల్గారిథమ్ అంటారు.

ఇంతకూ ముందస్తు తయారీ నేర్చుకోవాల్సింది ఎవరు? పైలట్ల అలసట తగ్గించే నియమాలను విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో ప్రకటించింది. వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రిళ్లు దించే విమానాలు తక్కువ. విడతలుగా అమలు చేస్తూ 2025 నవంబరు 1కి పూర్తిచేయాలన్నారు. దాదాపు రెండేళ్ల గడువు. డిసెంబరు మొదటి వారానికి, దేశంలో విమానమెక్కే పదిమందిలో ఆరుగురిని మోసే ఇండిగో చేతులెత్తేసింది. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. ఎయిర్‌పోర్టుల్లో పెట్టెల కొండలు, ఆ కొండల మధ్య జనం. అందులో మూడు గంటలు ముందొచ్చినవాళ్లు లేరా? తక్కువ సామాను తెచ్చినవాళ్లు లేరా? రెండేళ్లు తయారు కానిది కంపెనీ. సడలించింది మాత్రం నియమాన్ని. పరీక్షకు చదవని పిల్లవాడు ఏడిస్తే పరీక్షనే వాయిదా వేసినట్టు.

ఆ గొడవలో ఒక రహస్యం మాత్రం బయటపడింది. టికెట్టు ధరలకు సర్కారు పగ్గం వేసింది. ఐదొందల కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు దాటకూడదన్నారు, వెయ్యి లోపు 12,000. అంటే ఆ పగ్గం ఢిల్లీలో గూటానికి వేలాడుతూనే ఉందన్నమాట! ప్రతి పండగకూ ‘మార్కెట్టు మా చేతిలో లేదు’ అన్నవాళ్ల చేతిలోనే ఉంది.

సామాను సంగతి చెప్పకుండా దాటితే మా వదిన ఊరుకోదు. దేశంలో తిరిగే విమానానికి పెద్దపెట్టె పదిహేను కిలోలు, చేతిసంచి ఏడు. ఆళ్లగడ్డ ఇంట్లో పిల్లవాడు తిరుగుప్రయాణం కట్టాడంటే కజ్జికాయలే నాలుగు కిలోలు. మిగతావి కొర్రలు, చెనిక్కాయల పొడి, ఎర్రకారం, ఊరగాయ. కిరాణా కొట్టు కాటా మీద పెట్టెను రెండుసార్లు తూచి, ఊరగాయ చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు, కారప్పొడి పెట్టినా తీసేస్తారు. సరే పెద్దపెట్టెలోకి మారిస్తే ఎండుకొబ్బరి కురిడీలు అందులో పనికిరావంటారు, నూనె ఎక్కువ, వేడెక్కి అంటుకుంటుందని. ఆ మాట విని వదిన, ‘అత్తారింట్లో పాతికేళ్లుగా ఉట్టిమీద పెడతాండా, ఒక్కటన్నా అంటుకోలేదే’ అంది. పోయినేడు మా చిన్నాయన కొడుకు ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర అర అడుగు నల్లరాతి నంది కొని చేతిసంచిలో పెట్టుకున్నాడు. యంత్రం తెరమీద అది నల్లటి ముద్దగా కనబడింది. సంచి విప్పించి, నందిని బల్లమీద నిలబెట్టి, ముగ్గురు అధికారులు చుట్టూ చేరారు. అందులో ఒకాయన చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాకే వదిలిపెట్టారట.

ఇక ఈ సంక్రాంతి కథ. మా అక్క కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఓర్వకల్లు దాకా విమానంలో వస్తానని టికెట్టు కొన్నాడు. ఏ కంపెనీ అని నన్నడగొద్దు. భోగికి ముందురోజు మెసేజి వచ్చింది, నిర్వహణ కారణాల వల్ల విమానం రేపటికి మారిందని. మరుసటి రోజు రద్దయిందని. వాడు ఊపిరి గట్టిగా పీల్చి వదిలి, మెజెస్టిక్‌లో బస్సెక్కి, నిలబడి వచ్చాడు. ఇల్లు చేరేసరికి కనుమ.

కనుమనాడే అహోబిలం స్వామి పార్వేటకు బయల్దేరతాడు. పల్లకిలో, బోయీల భుజాల మీద, నలభై రోజులకు పైగా ముప్పై పైచిలుకు ఊళ్లు తిరిగి తన పెళ్లికి జనాన్ని పిలుచుకుంటాడు. ఏ రోజు ఏ ఊళ్లో, ఏ తెలుపు మీద, అంటే పల్లకి దించే అరుగు మీద, దిగుతాడో ముందే రాసి ఉంటుంది. నిర్వహణ కారణాల మాట నేనెప్పుడూ వినలేదు. పల్లకి మా ఊరి తెలుపు మీద దిగిన రోజు, అక్క కొడుకు ఫోను టింగుమంది. రీఫండు. ఫీజు పట్టుకుని మిగిలింది పంపారు.

పక్కనే కూర్చున్న మా అవ్వ అడిగింది. “ఎంత పట్టుకున్నార్రా?”

“నాలుగొందలవ్వా.”

“పదకొండు రూపాయలకే ఉయ్యాలవాడ రెడ్డి ఖజానా కొట్నాడే. నువ్వేం జేస్తివి?”

“చాట్‌లో అడిగినానవ్వా. మరమనిషి జవాబిచ్చింది. మీ అసౌకర్యం మాకర్థమయిందని.”

అవ్వ కొంచెంసేపు పల్లకి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. “సరేలే. ఆ ఖజానా ఇప్పుడు యాడుంది?”

“యాప్‌లో ఉందవ్వా.”

“దానికి తలుపు యాడుందో కనుక్కో నాయనా.”