‘ఇగ గీ ఒక్క లెవలే’: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘అవ్వా, ఇగ గీ ఒక్క లెవలే. అయిపాయె, వస్తున్న.’

కర్త ఎవరో తెలియదు. రచనాకాలం రోజూ రాత్రి ఎనిమిదిన్నర, బువ్వ వడ్డించిన మరుక్షణం. ప్రచారంలో ఉన్న దేశం కరీంనగర్ మొదలు జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ దాకా. అవతల కూడా వినబడుతుంది గాని అక్కడి ప్రతుల్లో ‘గీ’ లోపించి అర్థం చెడింది. కరీంనగర్ టౌన్ ప్రతుల్లో ‘అవ్వా’ ఉన్నచోట ‘మమ్మీ’ అని పాఠాంతరం. అది ఇంగ్లీషు మీడియం లేఖకుల చలవ కాబట్టి ఆదరించలేదు. మెదక్ సీమలోని కొల్చారం పేరుతో ముడిపడ్డ కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని వ్యాఖ్య మొదట్లోనే మాట ఇచ్చుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ మాటలో మొదటి సగానికి మాత్రమే కట్టుబడి ఉన్నాడు. కాళిదాసు కావ్యాల మీది వ్యాఖ్యకు ఆయన సంజీవని అని పేరు పెట్టుకున్నాడు గనక దీనికీ ఒక పేరుండాలి: మూతపళ్లెం.

ప్రతిపదార్థం. అవ్వా = ఓ తల్లీ; బాపును పిలవకపోవడం గమనించాలి, బాపైతే వాదం వినకుండా ప్లగ్గు పీకుతాడు. ఇగ = ఇక మీదట; ఇప్పటిదాకా గడిచిన గంటన్నరను లెక్కలోకి తీసుకోవద్దని ధ్వని. గీ = ఇదిగో, నా కళ్ళ ముందున్న. ఒక్క = రెండు కాని. లెవలే = మెట్టు మాత్రమే; చివరి ఏకారం అవధారణార్థకం. అయిపాయె = పూర్తయింది, అనగా ఇంకా పూర్తి కాలేదు. వస్తున్న = కూర్చున్నచోటే ఉన్నాను. ఈ చివరి రెండు అర్థాలు చూసి, ఇది పచ్చి అబద్ధమని పూర్వపక్షులు అంటారు. వారిలో ప్రముఖురాలు అవ్వే. సిద్ధాంతం వేరు. ఈ వాక్యం నిజమా అబద్ధమా అన్నది పిల్లగాడి గుణాన్ని బట్టి తేలదు, చేతిలో ఉన్న ఆట కట్టుబడిని బట్టి తేలుతుంది. కొన్ని ఆటల్లో ఇది అక్షరసత్యం. కొన్నిట్లో అబద్ధమాడేది ఆటే. పిల్లగాడి నోరు అరువు తెచ్చుకుంటుంది.

ముందుగా ‘గీ’ని పట్టుకోవాలి, వాక్యానికి ప్రాణం అందులోనే ఉంది. వేలు పెట్టి చూపగలిగినదానికే ‘గీ’ చెల్లుతుంది. జపాన్‌లో హిరోయుకి ఇమబయాషి చేయగా 1982లో విడుదలైన సోకోబాన్ తీసుకోండి. గోదాములో ఒక హమాలీ, కొన్ని పెట్టెలు, పెట్టెకో గుర్తు. పెట్టెను తోయవచ్చు, గుంజరాదు. ఒకేసారి రెండింటిని కదపరాదు. మూలకు పోయిన పెట్టె ఇక బయటికి రాదు. జమ్మికుంట పత్తి మార్కెట్‌లో బస్తాలెత్తేవాళ్ళకు చూపిస్తే ఈ హమాలీకి పని రాదని రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ పని రాకపోవడమే ఆట. అయితే లెక్క మొత్తం తెర మీద పరిచి ఉంటుంది. దాచిన చీటీ లేదు, పాచిక లేదు. అందుకే ఇంకా విడిపోని ముడిని కూడా ‘గిదే’ అని చూపించవచ్చు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌లో అలా కుదరదు. అక్కడా లెవల్ ఉంది, దానికో అంకె ఉంది, కాని పైనుంచి ఏ రంగు మిఠాయి రాలుతుందో ఆడేవాడికి తెలియదు. ఒక్క గడి మిగిలి ఉండగా కదలికలు అయిపోతాయి. ఇంకో ఐదు కావాలంటే బంగారు కడ్డీలు ఖర్చుపెట్టమంటుంది. ఐదు ప్రాణాలూ పోతే ఒక్కోటి తిరిగి రావడానికి అరగంట. అక్కడ పిల్లగాడు వేలు పెట్టి చూపేది ఇంకా కురవని వానను.

ఇక అన్వయం. ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వి తెయ్‌కరి 2019లో విడుదల చేసిన ‘బాబా ఈజ్ యు’ అచ్చంగా అన్వయం మీదే నడుస్తుంది. (ఈ బాబా షిర్డీవారు కారు, కుందేలో గొర్రెపిల్లో తేలని ఒక తెల్ల జంతువు.) తెర మీద గోడలు, బండలు, జెండా ఉన్నట్టే మాటలు కూడా దిమ్మెలై పడి ఉంటాయి: ‘బాబా – ఈజ్ – యు’, ‘వాల్ – ఈజ్ – స్టాప్’, ‘ఫ్లాగ్ – ఈజ్ – విన్’. వరుసలో ఉన్నంతసేపే అవి శాసనాలు. బాబా పోయి ‘స్టాప్’ దిమ్మెను ఒక్క గడి పక్కకు తోస్తే గోడ నిలబడే ఉంటుంది, అడ్డుకోవడం మాత్రం మానేస్తుంది. ‘ఫ్లాగ్’ జరిపి ఆ చోట ‘వాల్’ పెడితే గోడను తాకడమే గెలుపు. ‘బాబా ఈజ్ యు’నే విరగ్గొట్టుకుంటే ఆడేవాడు ఎవరూ కాకుండా పోతాడు, సంగీతం ఆగిపోతుంది. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కావాలని మన తార్కికులు చెప్పారు. పదాలు దగ్గరగా లేకపోతే అర్థం పుట్టదనే సన్నిధి నియమం ఏడాది పాఠం చెప్పినా ఎక్కని విద్యార్థికి ఇక్కడ ఒక్క గడి ఎడంతో ఎక్కుతుంది. యోగ్యతను మాత్రం ఈ ఆట ఖాతరు చేయదు. నిప్పుతో తడపడం కుదరదని తర్కం కొట్టేస్తుంది. ఇక్కడ మాటలు వరుసకట్టి నిలబడితే నిప్పు తడపాల్సిందే. ఇలాంటివి 200కు పైగా లెవళ్ళున్నాయి. ఒక్కోదాని ముందు అరగంట కూర్చుని, దారి తట్టిన తరవాత ఇరవై అడుగుల్లో ముగించవచ్చు. ఆ అరగంటలో పని అంతా చూడటమే. పిల్లగాడు ఏమీ చేయకుండా తెర వంక గుడ్లప్పగించి ఉన్నాడని అవ్వకు అనిపించేది సరిగ్గా పని జరుగుతున్నప్పుడే.

ఇట్లాంటి రచనకు పోలిక కూడా మల్లినాథుడి దగ్గరే దొరుకుతుంది. భారవి మాటను కొబ్బరికాయతో పోల్చినవాడు ఆయనే. ఆ భారవి రాసిన కిరాతార్జునీయం పదిహేనో సర్గ తెరిస్తే దాదాపు ఒక్క నకారంతోనే నడిచే శ్లోకం, ఎటునుంచి చదివినా అదే అయ్యే సర్వతోభద్రం ఎదురవుతాయి. యుద్ధం నడుమ గళ్ళనుడికట్టు పెట్టిన కవి మరి. పీచు తీసి, చిప్ప పగలగొట్టి కొబ్బరి చేతికివ్వడం వ్యాఖ్యాత పని. ఈ లెక్కన క్యాండీ క్రష్ ద్రాక్షాపాకం, నోట్లో వేసుకోగానే అయిపోతుంది, గుత్తి మాత్రం అయిపోదు. బాబా, 2016 నాటి చిక్కుముళ్ళ ఆట ‘ది విట్‌నెస్’ నారికేళపాకం. ఇక్కడ ఒక ఆక్షేపణ: కాయ కొట్టిపెట్టేందుకు యూట్యూబ్ నిండా వాక్‌త్రూలుండగా, రెండు నిమిషాలు చూసి బువ్వకు రావచ్చు గదా? రాకూడదు. టీకాకారుడు కొబ్బరి చేతికిస్తాడు, తినేది చదువరి. వాక్‌త్రూ చేసేవాడు తానే తిని, త్రేన్చి చూపిస్తాడు.

‘ఒక్క’ దగ్గర చిక్కు ఎక్కువ. జెల్డా వరుసలో 2023లో వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’లో 152 గుళ్ళున్నాయి. చాలా గుళ్ళలో ఒక్కో చిక్కుముడి. లోపలికి పోయి, విప్పి, బయటపడొచ్చు. గుళ్ళో ఉన్నంతసేపు ‘ఒక్క’ నిజం. బయటికి రాగానే కొండ కనబడుతుంది, కొండ కొసన ఇంకో గుడి పచ్చగా మెరుస్తుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయి ఒక్క దుకాణం చూసొస్తానన్నట్టే. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘బ్లూ ప్రిన్స్’ ఇంకా గడుసుది. 45 గదుల భవంతిలో 46వ గది వెతకాలి. తలుపు తీయబోయినప్పుడల్లా మూడు గదుల పటాలు చూపిస్తుంది. ఏది ఎంచుకుంటే తలుపు వెనక అదే వెలుస్తుంది. అడుగులు లెక్కపెట్టి ఇస్తుంది. రోజు ముగిస్తే కట్టుకున్న ఇల్లంతా చెరిగిపోయి మళ్ళీ మొదటికి. విడుదలైన కొత్తలో రోజు ముగిస్తే తప్ప దాంట్లో ఆట సేవ్ కాలేదు కూడా. అక్కడ ‘ఒక్క రోజే’ అనడంలో అబద్ధం లేదు, కొలత లేదు అంతే: అడుగులు తొందరగా కరిగితే పావుగంట, గదులు కలిసొస్తే బువ్వ పాచిపోయే దాకా.

‘అయిపాయె’ భూతకాలం. కాకముందే అయిందనడం వ్యాకరణదోషమనేవారు పాణిని మూడో అధ్యాయం చూడాలి. ఆశ పెట్టుకున్న విషయంలో జరగబోయేదానికి భూతకాల ప్రత్యయం వాడుకోవచ్చని అక్కడ ఒక సూత్రమే ఉంది. వాన పడితే పంట చేతికొచ్చినట్టే అనే రైతు కూడా ఆ సూత్రం నీడలోనే నిలబడతాడు. అష్టాచెమ్మలో కాయ గెలిచిందనరు, పండిందంటారు. ముడి ఉన్న ఆటకు పండటం ఉంటుంది. పండని ఆటలూ ఉన్నాయి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేసిన టెట్రిస్‌లో ముక్కలు రాలడమే తప్ప ముగింపు లేదు. 1989 నాటి నింటెండో టెట్రిస్‌ను అమెరికాలో 13 ఏళ్ళ పిల్లవాడు 2023 డిసెంబర్‌లో 157వ లెవల్ దాకా తోసుకుపోతే యంత్రమే కొయ్యబారి నిలిచిపోయింది. ఆ ఆట చేత ‘అయిపాయె’ అనిపించడానికి 34 ఏళ్ళు పట్టింది. తొంభైల్లో మన దగ్గర ఆ పని కరెంటు చేసిపెట్టేది. టీవీకి తగిలించే నకిలీ నింటెండో పెట్టెలు, లక్షల ఆటలని అట్ట మీద రాసి లోపల పదో పరకో తిప్పితిప్పి చూపే క్యాసెట్లు ఇళ్ళకొచ్చిన కాలం అది. కోత పడితే మారియో మళ్ళీ మొదటి మెట్టుకే. జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ బయటికొచ్చిన 1983లోనే రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ తిరగడం మొదలైంది. ఆ పొగగొట్టాలు కనబడే ఊళ్ళలో కరెంటు లేక ఆట ఆగడానికి అన్వయం కుదర్చడం ఈ వ్యాఖ్యాత వల్ల కాదు.

బలమైన ఆక్షేపణ ఇప్పుడొస్తుంది. ఈ కాలపు స్విచ్, పీఎస్5లలో ఒక్క బటన్ నొక్కితే ఆట ఎక్కడిదక్కడ నిద్రపోతుంది. మరి పిల్లగాడు ఎందుకు లేవడు? బటన్ నిద్రపుచ్చేది తెరను, తలలో ముడిని కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి నడుస్తుంటే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటాడు. పద్యం కాగితం మీద ఉండదు, ధారణలో ఉంటుంది. అయితే అదే సభలో అప్రస్తుత ప్రసంగం కూడా ఉందని, అవధాని దానికి చమత్కారంగా జవాబు చెబుతూనే పద్యం నిలుపుకుంటాడని అవ్వ తరఫువారు గుర్తుచేయవచ్చు. నిజమే. బువ్వకు పిలవడం అప్రస్తుత ప్రసంగమే, పిల్లగాడూ దానికి ఒక మాట జవాబు చెప్పి మళ్ళీ ముడిలోకి పోతున్నాడు. ఆ జవాబే మన మూలవాక్యం.

ఎవరో పరాయిదేశంవాళ్ళు కట్టిన ముళ్ళు విప్పితే మనకేమొస్తుందని కొందరు. ఫ్రాన్స్‌లో రండిస్క్ అనే చిన్న బృందం 2023లో చేసిన ‘చాంట్స్ ఆఫ్ సెనార్’లో తెలియని లిపులు ఎదురవుతాయి, సైగలు, గోడ బొమ్మలు చూసి ఒక్కో గుర్తుకు అర్థం ఊహించి పుస్తకంలో రాసుకోవాలి, కొన్ని కలిసి సరిపడితేనే ఆట ఔనంటుంది. ప్రతిపదార్థం రాయడమంటే అదే. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి రాతప్రతులు దొరికినప్పుడు ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం ఊళ్ళోకి వచ్చి, చదవగల గోండు పెద్దల పక్కన కూర్చుని చేసిన పని ఆ జాతిదే. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఆట ఆడినవాడల్లా లిపి పరిష్కర్త అవుతాడని కాదు. ఓపిక ఒక్కటే రకమని.

వ్యసనం మాట దాటవేయరాదు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో గేమింగ్ డిజార్డర్ ఉంది. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనకబడటం, నష్టం కనబడుతున్నా మానకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాదిపాటు సాగడం దాని లక్షణాలు; ఒక పూట బువ్వ చల్లారడం అందులో లేదు. డబ్బు పెట్టి ఆడే రమ్మీల సంగతి పూర్తిగా వేరు. తెలంగాణ 2017లోనే చట్టం సవరించి వాటిని నిషేధించింది, పార్లమెంటు 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం చేసింది. అక్కడ ‘ఇగ గీ ఒక్క ఆటే’ అన్నది పోయిన పైసలు అనిపించే మాట. దానికి టీకా రాయడానికి ఈ వ్యాఖ్యాత ఒప్పుకోడు.

మిగిలింది ‘వస్తున్న’. అవ్వలకు మనవి: ఇంకోసారి కేకేసే ముందు ‘ఏం ఆట బిడ్డా?’ అని అడగండి. బాబా అంటే పళ్లెం మీద మూతపెట్టి ఓ పావుగంట ఆగండి, వస్తాడు. గుళ్ళు అంటే లోపలున్నడా బయటున్నడా అని కనుక్కోండి. బ్లూ ప్రిన్స్ అంటే మీరు తినేసి పడుకోండి. మిఠాయిలంటే ఫోను గుంజుకోండి.