తాళంచెవి గారికి

మహారాజశ్రీ పబ్లిక్ గార్డెన్స్ చిన్న గేటు తాళంచెవి ఏ జేబులో ఉందో, ఆ జేబు గల పెద్దమనిషి గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. పేరు తెలియక ఇలా సంబోధించాల్సి వచ్చింది, మన్నించండి. కనుక్కుందామనే చూశాను. గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్న తమ్ముణ్ని అడిగితే ‘తాళం నేనెయ్యలే సార్’ అన్నాడు. పోనీ తియ్యవయ్యా అంటే ‘చెవి నాకాడ లేదు’ అన్నాడు. మరెవరి దగ్గరుందంటే వేలు పైకి చూపించాడు. పైన వేపకొమ్మ తప్ప ఎవరూ కనబడలేదు.

గొలుసు రెండు చుట్లు తిప్పారు. దానికి అరచేతంత తాళం. ఊచలకి ఓ కాగితం కట్టారు, ఈ దారి మూసివేయడమైనదని. ఎందుకో లేదు, ఎన్నాళ్లో లేదు, కింద సంతకమూ లేదు. చేతిరాత మాత్రం గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

తోట భద్రత మీద తమకున్న శ్రద్ధకి జోహార్లు. పొద్దున్నే మోకాళ్లకి పట్టీలు చుట్టుకుని వచ్చే ముసలివాళ్లం నిజంగా ప్రమాదకరమైన బాపతే. మాలో ఒకాయన దగ్గర చేతికర్ర కూడా ఉంది. ఒకామె సంచీలో పిట్టలకి వెయ్యడానికి జొన్నలు తెస్తుంది.

అయ్యా, ఇక ఈ మర్యాదలు నావల్ల కాదు. ఆ గేటు మూస్తే మేం నాంపల్లి రోడ్డు మీద చుట్టూ తిరిగి పెద్ద గేటుకి రావాలి. ఫుట్‌పాత్ నిండా మోటారు సైకిళ్లు, వాటి పక్కన ఆటోలు, ఆటోల పక్కన సందు దొరకబుచ్చుకుని మీదికొచ్చే బస్సు. నడవడానికొచ్చినవాళ్లు ఇంకో నాలుగడుగులు ఎక్కువేస్తే ఏం పోయిందంటారా? ఒక్కసారి నడిచి చూడండి. కారు దిగి.

అసలు ఈ తోటలో మనుషుల ముందు పడ్డ మొదటి తాళం ఇదేం కాదు లెండి. ఆ టౌన్‌హాల్ ఉంది కదా, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా ఊరి జనం చందాలేసుకుని కట్టించింది. 1905లో పునాది వేస్తే 1913కి పూర్తయింది. తర్వాత అది అసెంబ్లీ అయింది. చట్టసభ కొలువైతే మాకూ గొప్పే, కాదన్నదెవరు? కాకపోతే చందా ఇచ్చినవాళ్ల మునిమనవలు ఆ తెల్లటి గుమ్మటాలు చూడాలంటే బస్సు కిటికీ పక్కన సీటు దొరకాలి, సమయానికి ఎర్ర సిగ్నల్ పడాలి. ఆ పక్కన జూబ్లీ హాలు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పాలనకి రజతోత్సవం చేసిన 1937 నాటి వైభోగం దానిది. తర్వాత అందులో శాసనమండలి కూర్చుంది. మామూలు మనిషి లోపలికి తొంగి చూడాలంటే ఆహ్వానపత్రిక కావాలి. అలా ఒక్కో భవనమూ ఒక్కో గోడ కట్టుకుని తోటలోంచి తన వాటా తను పట్టుకుపోయింది. మిగిలింది మా నడక దారి, ఓ చిన్న గేటు.

సింహాలూ పులులూ ఉండిందీ ఇక్కడే. జూ ఈ తోటలోనే ఉండేది. 1963లో మీర్ ఆలం చెరువు పక్కకి, దాదాపు 380 ఎకరాల్లోకి మార్చారు. పోనీలే, వాటికైనా కాస్త కాళ్లు చాపుకునే చోటు దొరికిందని సంతోషించాం. బోనులు కూడా వాటితోపాటే వెళ్లిపోయాయనుకున్నాం.

ఈ తోటలోనే ఉన్న మ్యూజియంలో మమ్మీని చూడండి, ఎంత అదృష్టవంతురాలో. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌన్లిచ్చి కొని ఏడో నిజాంకి బహూకరిస్తే, ఆయన 1930లో మ్యూజియానికిచ్చాడు. తర్వాత ఒళ్లు చెడుతోందని గాలి చొరబడని పెట్టె చేయించి మరీ అందులో పడుకోబెట్టారు. రెండువేల ఏళ్లు పైబడిన ఆమెకి గాలి తగిలితే ప్రమాదం. డెబ్భయ్యేళ్ల మాకు తగలకపోతే ప్రమాదం. ఈ తేడా ఎవరైనా డాక్టరు మీకు చెబితే బాగుండును.

జూన్ 2 అనీ, సెప్టెంబర్ 17 అనీ సర్కారు ఉత్సవాలు ఈ తోటలో జరిగినప్పుడు మేం కిక్కురుమన్నామా? ఆ పూట ఎవరింటి డాబా మీద వాళ్లం తిరుక్కున్నాం. పండగ పండగే. ఇప్పుడేం పండగ వచ్చిందని? ఫౌంటెన్ కూడా ఎండిపోయే ఉంది. ఎవరూ పెద్దవాళ్లు రావడం లేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అన్నట్టు, రాలిన ఆకుల్ని పొద్దున్నే, సరిగ్గా మేం ఊపిరి గట్టిగా పీల్చే వేళకే తగలబెడుతున్నారు. బెంచీల మీద దాతల పేర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి, కూర్చునే చెక్కలే లేవు. సరే, అవన్నీ తర్వాత.

తోటలోని బాల్‌భవన్‌కి తబలా నేర్చుకోవడానికొచ్చే పిల్లాడొకడు ఆదివారం ఈ గేటు దగ్గరే ఆగిపోయాడు. తబలా, డగ్గా రెండూ ఊచల సందులోంచి దూర్చడానికి చూశాడు. పట్టలేదు. వాళ్ల నానమ్మ ఒక సంచీ భుజానేసుకుని, ఇంకోటి వాడికిచ్చి, ఆ ట్రాఫిక్‌లోకి దిగింది. అది చూశాకే ఈ ఉత్తరం.

పోనీ, మొత్తం తియ్యొద్దు. మీ మాటే నెగ్గనివ్వండి. బండ్లు దూరిపోతాయని భయమైతే రెండు ఇనప స్తంభాలు పాతండి, మనిషి ఒక్కడు పక్కకి తిరిగి దూరేంత సందు వదలండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలు. దొంగలొస్తారనుకుంటే ఆ తమ్ముడున్నాడు కదా, కుర్చీ కూడా ఉంది. చెవి అతనికివ్వండి చాలు, మిమ్మల్ని శ్రమపెట్టం. ఫలానావాళ్లు మూశారని ఎక్కడా అనం. ఆ కాగితం కూడా మేమే జాగ్రత్తగా విప్పి, మడతపెట్టి, పంపమన్న చోటికి పంపిస్తాం. దయచేసి తియ్యండి సార్.

ఇట్లు,
ఊచలకి ఇవతల నిలబడ్డ ఒక నడకదారు

తా.క.: మూత్రశాల తాళంచెవి కూడా అదే గుత్తిలో ఉందేమో ఒకసారి చూడగలరు. అది మరీ అర్జంటు.