వికృతి అనుకున్నాను

పంజాబీ అంటే చెడిపోయిన సంస్కృతమని, ఉర్దూ అంటే పరాయి భాష అని చాలాకాలం నమ్మాను. బడిలో ప్రకృతి-వికృతులు వల్లెవేసిన బుర్ర నాది: విద్యకు విద్దె, ఆశ్చర్యానికి అచ్చెరువు. వికృతి అన్న పేరు వినీ వినీ, మారిన రూపమంటే పాడైన రూపమేనని ముద్రపడిపోయింది. పంజాబీ స్నేహితుడు చేతిని ‘హత్థ్’ అంటే, ‘హస్తం’ అనాలని సరిదిద్దాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

1962-66 మధ్య వెలువడిన టర్నర్ ఇండో-ఆర్య భాషల తులనాత్మక నిఘంటువు తిరగేశాక, ఆ మార్పుకు ఒక క్రమం ఉందని తెలిసింది. ‘హస్త’ ప్రాకృతంలో ‘హత్థ’ అయింది. పంజాబీ ఆ ఒత్తును పదిలంగా ఉంచుకుంది. ఉర్దూ, హిందీ ఒక హల్లును వదిలి, ముందున్న అచ్చును సాగదీసి ‘హాథ్’ అన్నాయి. సప్త పంజాబీలో సత్త్, ఉర్దూలో సాత్. కర్ణం కన్న్, కాన్. దుగ్ధం దుద్ధ్, దూధ్. పారసీ, అరబీ మాటలెన్ని చేరినా ఉర్దూ అంకెలు, అవయవాల పేర్లు, క్రియలు చాలావరకు ఈ ప్రాకృత దారిలో వచ్చినవే. దాన్ని పరాయిదని ఎలా అన్నాను?

ఆ ఉత్సాహంలో ఇంకో తప్పు చేశాను. ‘హఫ్తా’ కూడా సప్తాహం నుంచే పుట్టిందని వాదించాను. అది పారసీ ‘హఫ్త్’ నుంచి వచ్చింది. సంస్కృతంలో సకారం ఉన్నచోట పారసీలో తరచు హకారం వినిపిస్తుంది: సప్త-హఫ్త్, మాసం-మాహ్. ఇవి ఒకే మూలభాషకు పుట్టిన అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు కావు. పంజాబీలు అయిదును ‘పంజ్’ అంటారు. అది ‘పంచ’ నుంచి వచ్చింది. కాని ‘పంజాబ్’ అన్న పేరులోని ‘పంజ్’ పారసీది. వినడానికి ఒకటే, వచ్చిన దారులు వేరు. చెవికి తోచిందే చరిత్ర అనుకోవడం నా అవివేకం.

అర్థాల దగ్గరికొచ్చేసరికి నా గర్వం పూర్తిగా దిగిపోయింది. మన నిత్యవ్యవహారంలో కర్మ అంటే తలరాత, లేదా చనిపోయినవారికి చేసే క్రతువు. పంజాబీ రైతుకు ‘కమ్మ్’ అంటే పని. సంస్కృతంలోనూ కర్మకు మూలార్థం పనే. మాట రూపాన్ని చెక్కుచెదరకుండా దాచుకున్న మనం అర్థాన్ని మార్చుకున్నాం. రూపాన్ని నోటికి తగ్గట్టు మలుచుకున్నవారు అర్థాన్ని రోజూ పొలంలో వాడుతూ నిలుపుకున్నారు.