అమ్మ పెట్టదు, అవగాహన కల్పిస్తుంది

"సాధికారత" అనే మాటను మన ఇళ్లలో ఎవరైనా నోరారా అనగా నేను వినలేదు. అది ఫ్లెక్సీ మీద పుట్టి ఫ్లెక్సీ మీదే బతికే మాట. దానికి ఈమధ్య ఒక తోడు కూడా దొరికింది: "ఆర్థిక సమ్మిళితం". మొన్న పైకి చదివితే, "ఏమిటది, కొత్తరకం సున్నిపిండా?" అంది మా ఆవిడ. (బ్యాంకు ఖాతా, అప్పు, సంపాదన లాంటివి అందరికీ అందడమట.) ఈ రెంటికీ ముందు "శరణార్థి మహిళల" అనీ, మధ్యలో "సామాజిక అవగాహన ద్వారా" అనీ తగిలిస్తే సదస్సుకు పేరు సిద్ధం. ఇక కావలసినవి కుర్చీలు, సమోసాలు, సంతకాల పుస్తకం, ఫొటోలు తీసే కుర్రాడు. శరణార్థి మహిళలంటారా, వాళ్లకేం కొదవ? ఎక్కడికి పోతారు గనక? చుట్టూ ముళ్లకంచె.

కంచె అన్నది నా చమత్కారం కాదు. బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ జిల్లా, ఉఖియా, టెక్నాఫ్ కొండల మీది రోహింగ్యా శిబిరాల చుట్టూ నిజంగానే ఉంది. 2017 ఆగస్టులో మయన్మార్ సైన్యం ఊళ్లు తగలబెట్టి తరిమితే ఏడు లక్షలకు పైగా జనం సరిహద్దు దాటి వచ్చారు. అంతకుముందు వచ్చినవాళ్లను కూడా కలుపుకుంటే పది లక్షల పైమాటే. అందులో సగానికి మించి స్త్రీలు, ఆడపిల్లలు. ఉండేది వెదురు కర్రలకు టార్పాలిన్ కప్పిన గుడిసెల్లో.

వాళ్లలో చాలామందిని అక్కడి ప్రభుత్వం శరణార్థులని అనదు. కాగితాల్లో వాళ్ల పేరు "బలవంతంగా నిర్వాసితులైన మయన్మార్ జాతీయులు". మయన్మార్‌ను అడిగితే, 1982 నాటి పౌరసత్వ చట్టం తిరగేసి, వీళ్లు మా జాతీయులు కానే కారంటుంది. కాదన్న దేశానికేమో జాతీయులు, తలదాచుకున్న దేశంలోనేమో శరణార్థులు కారు. అవగాహన అవసరం ఇక్కడ ఎవరికో ఒకరికి ఉన్నమాట నిజమే. ఆ ఒకరు గుడిసెలో కూర్చున్న ఆడమనిషి అని తేల్చినవాళ్ల తెలివికి మాత్రం దండం పెట్టాలి.

నా ఊహలో ఒక తరగతి నడుస్తూ ఉంటుంది. కుట్టు శిక్షణ చివరి రోజు. గోడకు రంగురంగుల పటం: కొనుగోలుదారుడు, పెట్టుబడి, లాభం, బాణం గుర్తులు. వెనక వరసలో ఒకావిడ చెయ్యెత్తి, పాఠం చెప్పే ఆపాను, అంటే అక్కను, అడిగింది.

"ఆపా, ఈ కుట్టిన బట్టలు ఎక్కడ అమ్మాలి?"

"చాలా మంచి ప్రశ్న. మార్కెట్ గురించి మధ్యాహ్నం చెప్పుకుందాం."

"కంచె దాటి బజారుకు పోనిస్తారా?"

"అది మన ప్రాజెక్టు పరిధిలోకి రాదమ్మా."

"పోనీ, ఇక్కడే చిన్న కొట్టు పెట్టుకోవచ్చా?"

ఆపా చేతిగడియారం చూసుకుంది. సమోసాలు వచ్చాయి.

తరగతి నా ఊహే గానీ, ప్రశ్నలకు జవాబులు ఊహ కావు. శిబిరంలోని మనిషి బయటికి పోయి కూలి చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. లోపల సంస్థల కోసం పనిచేస్తే అది ఉద్యోగం కాదు, "స్వచ్ఛంద సేవ". అందుకు ఇచ్చేది జీతమూ కాదు, "ప్రోత్సాహకం". మామూలు పనికి గంటకు 50 టాకాలు. కొట్టు సంగతా? శిబిరాల్లో శరణార్థులు తమంతట తాము పెట్టుకున్న దుకాణాలను 2021 చివరి నుంచి అధికారులు వేల సంఖ్యలో కూల్చేశారు. ఏ సదస్సూ పెట్టకుండా, ఏ అవగాహనా కల్పించకుండా, ఎవరి బతుకు వాళ్లు బతకడానికి తెరిచిన కొట్లవి. ఆర్థిక సమ్మిళితం అంటే అదే కదా? ఏమో, బుల్డోజరు డ్రైవరు శిక్షణకు హాజరై ఉండడు.

తిండి లెక్క కూడా చూడండి. ప్రపంచ ఆహార కార్యక్రమం మనిషికి నెలకు ఇచ్చే 12 డాలర్ల కూపన్‌ను, నిధులు చాలక 2023 మార్చిలో 10 చేసింది, జూన్‌లో 8 చేసింది. రోజుకు 27 సెంట్లు. మళ్లీ 10 కావడానికి 2024 జనవరి దాకా పట్టింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అని మనవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే ఆ సామెతలోని అమ్మ కనీసం పౌష్టికాహారం మీద ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇందులో ఆపా తప్పేమీ లేదు, ఆమెదీ పొట్టకూటి పనే. డబ్బిచ్చేవాడు దూరదేశంలో కూర్చుని ఏడాది చివర ఒక అంకె అడుగుతాడు. "ఇంతమంది మహిళలకు శిక్షణ ఇచ్చాం" అన్నది అంకె. "పని చేసుకునే హక్కు రాలేదు" అన్నది అంకె కాదు, తలనొప్పి. అంకె నివేదికలోకి పోతుంది, తలనొప్పి గుడిసెలోనే ఉండిపోతుంది.

"అయితే అవగాహన వద్దంటావా?" అని గద్దించే పెద్దలుంటారు. వాళ్లకు నేను నెల్లూరు జిల్లా దూబగుంట పేరు చెబుతాను. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాస్యత తరగతిలో ఒక పాఠం చదువుకుని సారా దుకాణం మీదికి పోయారు. వాళ్లకు ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు పెరిగాయి. పాఠానికి అంత బలం ఎలా వచ్చింది? ఆ ఆడవాళ్లు దుకాణం ముందు బైఠాయిస్తే, మీరు ఏ దేశస్థులని అడిగినవాడు లేడు. కలెక్టరు దగ్గరికి పోతే గేటు తీశారు. అన్నింటికీ మించి వాళ్లకు ఓటుంది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం చేస్తూనే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టింది పాఠ్యపుస్తకానికి జడిసి కాదు. డ్వాక్రా మహిళకు పొదుపు గురించి చెప్పినవాళ్లు చేతికి బ్యాంకు పాస్‌బుక్కు కూడా ఇచ్చారు. పాస్‌బుక్కు ఇవ్వకుండా పొదుపు పాఠం మాత్రమే చెప్పి ఉంటే, మనవాళ్లు చెప్పినవాళ్లను ఊరి పొలిమేర దాకా సాగనంపి ఉండేవాళ్లు, మేళతాళాలు లేకుండా.

శరణార్థి చేతికి హక్కిస్తే దేశం మునిగిపోతుందనేవాళ్లు ఉగాండా వైపు చూడాలి. మనకంటే పేద దేశం. 2006లోనే చట్టం చేసి శరణార్థులు పని చేసుకోవచ్చు, తిరగొచ్చు అంది. మునగలేదు.

బంగ్లాదేశ్‌ను ఇంతగా ఆడిపోసుకుని మన గుమ్మం దాకా రాకపోతే అన్యాయం. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద బంగ్లాదేశ్ సంతకం చేయలేదు. మనమూ చేయలేదు. వినాయకుడి లడ్డూ వేలంతో మనందరికీ తెలిసిన బాలాపూర్ పరిసరాల్లో, హైదరాబాద్ పాతబస్తీకి కూతవేటు దూరంలో, కొన్ని వేలమంది రోహింగ్యాలు ఏళ్ల తరబడి ఉంటున్నారు. అక్కడ ముళ్లకంచె లేదు. దాని అవసరమూ లేదు, ఆధార్ ఉంది కదా. ఆధార్ గానీ, అలాంటి మరో గుర్తింపు కాగితం గానీ లేనిదే ఖాతా లేదు, ఖాతా లేనిదే అప్పు లేదు, చేసిన పనికి కూలి ఎగ్గొడితే పోలీస్ స్టేషను మెట్లెక్కే ధైర్యమూ లేదు. వాళ్ల దగ్గర ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు, అది కూడా అందరి దగ్గరా కాదు.

ఏటా జూన్ 20న ప్రపంచ శరణార్థుల దినం వస్తుంది. ఫ్లెక్సీ కొట్టించేవాళ్లు ఎలాగూ కొట్టిస్తారు. ఆ రోజు మీరు ఒక్క పని చేసిపెట్టండి. మీ వీధి చివరి బ్యాంకుకు వెళ్లి, ఆ కార్డు మీద ఒక ఆడమనిషికి సేవింగ్స్ ఖాతా తెరుస్తారా అని మేనేజరు గారిని అడగండి. ఆయన ఏమన్నారో నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.