చల్లారిన విశ్వాసికి వేడి పుట్టించే ఉపాయాలు

ఆత్మలో ఉజ్జీవం తగ్గిందని అనుమానం రాగానే చెయ్యాల్సిన మొదటి పని, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా చూసుకోవడం. "ఎలా ఉన్నారు బ్రదర్?" అని ఎవరైనా అడిగితే "దేవుని కృప, ప్రైజ్ ది లార్డ్!" అని గొంతు కాస్త పెంచి చెప్పాలి. ప్రార్థనకు మాటలు రావడం లేదనీ, పాట పాడుతుంటే మనసు కరెంటు బిల్లు మీదే ఉంటోందనీ సంఘ పెద్ద దగ్గర నోరు జారారో, ఆయన మీకోసం తప్పకుండా ప్రార్థిస్తాడు. అదీ బుధవారం కూటంలో, పేరు పెట్టి, మైకులో.

చల్లారడానికి కారణం కూడా వెతక్కండి. వెతికితే ఏ రాత్రి డ్యూటీయో, ఇంట్లో చావో, తీరని అప్పో బయటపడుతుంది. వాటికి ఓదార్పు కావాలి, విశ్రాంతి కావాలి, ఒక్కోసారి డాక్టరు కావాలి. అంత ఓపిక ఎవరికుంది? "అపవాది శోధన" అంటే ఒక్క మాటలో తేలిపోతుంది. ఈ విషయంలో ఏలీయా కథతో జాగ్రత్త. కర్మెలు కొండ మీదికి అగ్ని దిగిరావడం వరకు చదివి బైబిలు మూసెయ్యండి. తర్వాతి అధ్యాయంలో ఆ మహానుభావుడే యెజెబెలుకు భయపడి అరణ్యానికి పారిపోయి, బదరీ వృక్షం కింద పడి చావు కోరుకుంటాడు. దూత వచ్చి మందలిస్తాడనుకుంటాం. మందలించడు. కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించి తినమంటాడు. ఆయన తిని మళ్ళీ పడుకుంటాడు. దూత మళ్ళీ లేపి మళ్ళీ తినమంటాడు! రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన నర్సమ్మ ఈ భాగం చదివిందంటే, ఆదివారం పొద్దున గుడికి రాకుండా కాసేపు నిద్రపోయే ప్రమాదం ఉంది.

ఇక అసలు వైద్యం శబ్దంతో మొదలవుతుంది. మూడు రోజుల ఉజ్జీవ సభలు పెట్టించండి. ఫ్లెక్సీ మీద దైవజనులవారి ఫొటో నిలువెత్తున ఉండాలి. వాక్యానికి చోటు చాలకపోతే అధ్యాయం, వచనం అంకెలు వేస్తే సరిపోతుంది. బాక్సులు ఎన్ని దొరికితే అన్ని తెప్పించండి. గుండె అదిరితే అది ఆత్మ కార్యమా, బేస్ స్పీకరు కార్యమా అని తర్కించడం అవిశ్వాసుల పని. అదే ఏలీయా హోరేబు కొండ మీద గాలి, భూకంపం, అగ్ని దాటిపోయాక ఏదో నిమ్మళమైన స్వరం విన్నాడంటారు. నిజమే కావచ్చు. దాన్ని పట్టే మైకు మన సౌండ్ సర్వీసు వాళ్ళ దగ్గర లేదు. గాలి, భూకంపం, అగ్ని అయితే అద్దెకు దొరుకుతాయి.

పాటల్లో పాత కీర్తనలు వద్దు. పురుషోత్తమ చౌదరి గారి కాలం నాటివి చరణం చరణానికీ ఏదో ఒకటి చెబుతూ పోతాయి, మధ్యలో ఆలోచన పుడుతుంది. ఒకే పల్లవిని కరెంటు పోయేదాకా పాడించండి.

కొందరు ఒంగోలు చరిత్ర తెచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెడతారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన కొండెక్కి, ఆ ఊరికి ఒక పనివాణ్ణి పంపమని ప్రార్థించారు. షామియానా లేదు, లైవ్ లేదు. ఆ ఊరికి క్లౌ దొర పనివాడిగా వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్ళు! మన సభలు మూడో రోజు రాత్రికి ముగియాలి, నాలుగో రోజు షామియానా వాడికి ఇంకోచోట పెళ్ళి ఉంటుంది.

ఆ క్లౌ గారి పద్ధతి కూడా అనుసరించదగ్గది కాదు. 1876-78 మహా కరువులో జనం ఆకలితో చస్తుంటే ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, వాళ్ళకు కూలి ఇప్పించాడు. అంతవరకు బాగానే ఉంది. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడుతుంటే, తిండికోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆపేశాడు. ఆత్మలు తలుపు తడుతుంటే లెక్క పెంచుకోకుండా ఆగే మనిషిని ఏమనాలి? సాయం పంచడం అయిపోయాక, ఇక తమ దగ్గర ఇచ్చేదేమీ లేదని తెలిసీ వచ్చినవాళ్ళకే గుండ్లకమ్మలో బాప్తిస్మాలు జరిగాయి. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. మొత్తం కథలో మనకు పనికొచ్చేది ఈ అంకె ఒక్కటే. ఫ్లెక్సీ మీద పెద్దగా వేయించండి. కాలువ సంగతి ఎత్తకండి, చందాలు అడిగేటప్పుడు ఎవరైనా లెక్కలు అడగ్గలరు.

సాక్ష్యం విషయానికొద్దాం. చల్లారిన మనిషికి సాక్ష్యమంత మంచి కషాయం లేదు, కాకపోతే చెప్పినప్పుడల్లా కొంచెం మరిగించాలి. మొదటి ఏడు "జ్వరం తగ్గింది" అన్నది మూడో ఏటికి "డాక్టర్లు చేతులెత్తేశారు" కావాలి. పాత పాపాలను వర్ణించేటప్పుడు ధారాళంగా ఉండండి. ఈ మధ్య చేసినవి మాత్రం "నాలోని బలహీనతలు" అని బహువచనంలో దాటెయ్యాలి.

ఆదర్శంగా ఏ సంఘాన్ని పెట్టుకోవాలి అని అడుగుతారేమో. లవొదికయ. బ్యాంకులకు, నల్ల ఉన్నికి పేరుపడ్డ పట్నం. క్రీ.శ. 60 ప్రాంతంలో భూకంపం వచ్చి కూలిపోతే, రోము సాయం తీసుకోకుండా సొంత డబ్బుతో లేచి నిలబడింది. ఎవరి అవసరమూ లేని ఊరు, ఎవరి అవసరమూ లేని సంఘం. ప్రకటన గ్రంథంలో దాన్ని నులివెచ్చగా ఉందని తిట్టిన మాట ఉంది గానీ, మన ఏసీ మందిరంలో ఆ మాట ఎవరికి తగులుతుంది? తలుపు బయట ఎవరో నిలబడి తడుతున్నారని కూడా అక్కడే రాసి ఉంది. అషర్లను పంపండి, ఆలస్యంగా వచ్చినవాళ్ళయితే వెనక వరసలో కూర్చోబెడతారు.

ఉపవాసం మంచిదే. మీరు ఉపవాసం ఉన్న రోజు ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలియాలి. కాఫీ లేని చిరాకు కోడలి మీద చూపితేనే ఎంత గట్టిగా పట్టు పట్టారో లోకానికి తెలుస్తుంది. సాయంత్రం విడిచేటప్పుడు గారెలు చేయించుకోండి.

ఇవన్నీ చేసినా లోపల వేడి పుట్టకపోతే, లోపం మీ పాస్టరుగారిదే. ఆయన ప్రసంగంలో అభిషేకం లేదని ముందు ఇద్దరితో రహస్యంగా అనండి. తర్వాత వీధి చివర ఉన్న సంఘానికి మారండి. కొత్త చోట ఓ ఆరునెలలు ఉజ్జీవం దానంతటదే ఉంటుంది. అది తగ్గే వేళకు పక్క వీధిలో ఇంకో రేకుల షెడ్డు లేస్తుంది.

చివరగా ఒక చిక్కు. గట్టు తగాదాలో మాటలు లేని తమ్ముడు కూడా అదే ఊళ్ళో ఉంటాడు చాలామందికి. అర్పణ తెచ్చినప్పుడు సహోదరుడికి మీమీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం ముందే విడిచి, వెళ్ళి ముందు వాడితో సమాధానపడమని మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఉంది. కొత్త సంఘం వాళ్ళు దీనికి చక్కటి దారి చూపించారు. క్యూఆర్ కోడ్ ద్వారం పక్కనే అంటించి ఉంటుంది, ఫోనులో పంపితే చేతిలో అర్పణే ఉండదు, విడిచిపెట్టి వెళ్ళే అవసరమూ రాదు. రసీదు వెంటనే వస్తుంది.