దుమ్ము సందేశానికి టీకా తాత్పర్యం

మూలం: "అమ్మా, ఇక్కడ వెదర్ బాలేదు. అంతా దుమ్ము. క్లాసులు ఆన్‌లైన్. నేను బానే ఉన్నా."

ప్రతిపదార్థం: అమ్మా = నిజామాబాదులో ఫోను చేతబట్టుకొని యున్న ఓ తల్లీ; ఇక్కడ = రియాద్ నగరమందు; వెదర్ = ఎండ, గాలి, వాన మున్నగునవి; బాలేదు = చెడియున్నది; అంతా = ఆకాశమునందును, కిటికీ రెక్కల సందునను, పంటి కిందను; దుమ్ము = ధూళి; క్లాసులు = పాఠములు; ఆన్‌లైన్ = కెమెరా ఆపిన తెరయందు; నేను = విద్యార్థినైన నేను; బానే ఉన్నా = తలుపు గడియ వేసుకొని క్షేమముగా నున్నాను.

తాత్పర్యం: ప్రకృతి కోపించినది, కావున కాలేజీకి పోనక్కరలేదు, బెంగపడకుము. (పాఠము వినుచున్నాడా లేదా అన్నది మూలమున లేదు.)

విశేషం: నేరం ఎవరిదో మూలం మొదటి వాక్యంలోనే తేల్చేసింది. వెదర్‌ది. అవతలి తల్లి కూడా "ఎడారి కదా బిడ్డా" అని ఒప్పేసుకుంటుంది. వ్యాఖ్యాత మాత్రం ఒప్పుకోడు. గాలి వీచడం దైవాధీనం. ఆ గాలిలో ఏం కలవాలి, దాన్ని ఎవరు పీల్చాలి అన్నవి మనుషులు తేల్చేవి. దైవం వాటా దైవానికి ఇవ్వాల్సిందే. రియాద్‌కు తూర్పున దహ్నా ఇసుక దిబ్బలు ఉత్తరాన నఫూద్ నుంచి దక్షిణాన రుబ్ అల్ ఖాలీ దాకా పరుచుకుని ఉన్నాయి. ఇరాక్ వైపు నుంచి దిగే వాయవ్య గాలిని అక్కడ శమాల్ అంటారు. వసంతం వచ్చిందంటే దుమ్ము లేవడం మామూలు. 2009 మార్చి 10న రియాద్‌లో పట్టపగలే చీకటి కమ్మి, ఎదుటి బండి కనబడకుండా పోయింది. ఇంతవరకు మూలకారుడితో మనకు పేచీ లేదు.

పేచీ 'అంతా దుమ్ము' దగ్గర మొదలవుతుంది. అంతా దుమ్మే కాదు. ఎడారి నేలకు పైన గట్టి పొర ఒకటి ఉంటుంది. బండ్లు తొక్కినా, మందలు మితిమీరి మేసినా, పునాదులు తవ్వినా అది చిట్లుతుంది; చిట్లిన చోట చిన్న గాలికే మట్టి లేస్తుంది. ఇక పొగ సంగతి. 70 లక్షల జనం ఉన్న రియాద్‌లో మెట్రో రైలు కదిలింది 2024 డిసెంబరులో. అప్పటిదాకా ఊరు తిరిగింది చాలావరకు కార్ల మీదే. వేసవిలో ఏసీలు నడవడానికి ఆ దేశం ముడి చమురును కూడా కాల్చి కరెంటు తీస్తుంది. అంటే దుమ్ముకు భయపడి కిటికీ మూసి ఏసీ వేసుకున్న విద్యార్థి, అవతలి గాలిలో తన వంతు పొగ కూడా కలుపుతున్నాడు. ఆ పొగలో ఉండే, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతైన పీఎం 2.5 రేణువులు ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. దుమ్ము కంటికి కనబడుతుంది గనుక ఇంటికి కబురు వెళ్తుంది. ఆకాశం తేటపడ్డాక మిగిలే పొగ గురించి ఏ బిడ్డా మెసేజ్ పెట్టడు, ఏ తల్లీ అడగదు.

పూర్వపక్షం: ఎడారిలో కాపురం పెట్టి దుమ్మును తప్పుపట్టడమేమిటి? సిద్ధాంతం: దీనికి జవాబు సౌదీ ప్రభుత్వమే చెప్పింది. 2009 నవంబరు 25న జెద్దాలో కొన్ని గంటల్లో సుమారు 90 మిల్లీమీటర్ల వాన పడి వందమందికి పైగా చనిపోయారు. అదీ వెదరే. అయినా రాజు అబ్దుల్లా విచారణకు ఆదేశించాడు. వాగు దారుల్లో ఇళ్ళకు అనుమతులు ఎవరిచ్చారు, మురుగు కాలువల డబ్బు ఏమైంది అని ఆరా తీసి, అధికారులనూ కాంట్రాక్టర్లనూ కోర్టుకెక్కించారు. వాన విషయంలో చెల్లిన న్యాయం దుమ్ముకు మాత్రం ఎందుకు చెల్లదు?

మరో పూర్వపక్షం: మన హైదరాబాద్ గాలి ఏమంత గొప్పదని? గొప్పది కాదు. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. అయితే దీనివల్ల వాదం బలపడుతుందే గాని వీగిపోదు. రియాద్‌కు శమాల్ అనే సాకైనా ఉంది. హైదరాబాద్‌కు అదీ లేదు.

ఇంకో పూర్వపక్షం: ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు, 2019లోనే రియాద్‌లో 75 లక్షల చెట్లు నాటే పథకం ప్రకటించింది కదా? సరే. నేరమంతా వెదర్‌దే అయితే చెట్లు దేనికి? నేల మీద చేయగలిగింది ఉందని ఒప్పుకున్నట్టే.

మిగిలింది 'నేను బానే ఉన్నా'. ఇందులో అబద్ధం లేదు. దుమ్ము హెచ్చరిక రాగానే తరగతులు ఆన్‌లైన్‌కు మారతాయి. అదే నిజామాబాదు నుంచి వెళ్ళి పరంజా మీద ఇటుక పేర్చే మనిషి పని ఆన్‌లైన్‌కు మారదు. ఎండకు ఒక నియమం ఉంది: జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. మార్చి దుమ్ము ఆ లెక్కలోకి రాదు. సూర్యుడు ఉండగానే మనిషిని నీడకు చేర్చే నియమం రాయగలిగినప్పుడు, దుమ్ముకూ అలాంటిది రాయవచ్చు. రాయకపోతే ఆ నింద వెదర్‌కు చెందదని సిద్ధాంతం.