వామపాదుకా పర్వం

ఐస్‌లాండు దేశాన, థింగ్వెల్లిర్ లోయలో, సిల్ఫ్రా అనే జలపూరిత మహానెర్రె కలదు. ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఆస్తి పంపకాలైన అన్నదమ్ముల్లా ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్న చోట పుట్టింది. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు దశాబ్దాల పాటు లావారాతిలో వడకట్టుకుని అక్కడ ఊరుతుంది. స్ఫటికం సిగ్గుపడేంత నిర్మలం. వేడి మాత్రం నిండు వేసవిలోనూ 4 డిగ్రీలు దాటితే గొప్ప.

జలస్తంభన విద్య ఎరిగిన సుయోధనుడు మడుగులో దిగి హాయిగా పడుకున్నాడు. ఆ విద్య రాని మానవమాత్రులకు డ్రైసూట్ ఉన్నది. రెండు నైలాన్ పొరల నడుమ బ్యూటైల్ రబ్బరును దాచుకున్న కవచమది! కంఠాన, మణికట్టున లేటెక్సు పట్టీలు. రొమ్మున గాలి నింపు వాల్వు, వామభుజాన గాలి విడుచు వాల్వు. అడుగున, కవచంతో ఏకశరీరమైన రబ్బరు బూట్ల జంట. కర్ణుడిది సహజ కవచం గనుక అతుకుల ఊసు వ్యాసుడికి రాలేదు.

ఇక శత్రువర్ణన. పది తలలు లేవు, అసలు తలే లేదు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు కురురాజు. ఎడమ బూటు సరిగ్గా అంతే ఇచ్చింది. చాలు, అక్కడే విడిది చేసి జలసేన లోనికి నడిచింది. తొలుత ఉన్ని మేజోడు లొంగింది. పిదప చిటికెనవేలు, దాని వెంట సోదర చతుష్టయం. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా వేడిని దోచుకుంటుంది గనుక వేళ్లు కూడబలుక్కోకుండానే ఒక్కసారిగా మొద్దుబారాయి.

అయినా బూటును వెంటనే దోషి అనరాదు. నీటికి పల్లమెరుగు గుణం. జిప్పు కారినా, మణికట్టు నరాల సందున జారినా, చివరికి చేరేది పాదాల వద్దకే. చెమట కూడా అనుమానితురాలే. కాబట్టి విచారణ జరగాలి. బూటులో చీలమండ దాకా నీరు పోసి, వెలుపలి భాగం పొడిగుడ్డతో తుడిచి, టాల్కం పౌడరు చల్లి, వీరుడు దాని ముందు బాసింపట్టు వేశాడు. నిమిషాలు గడిచాయి. కాఫీ చల్లారింది. మడమ వెనుక, ఫిన్ను పట్టీ ఒరుసుకునే చోట, తెల్లని పౌడరు మీద బూడిదరంగు చుక్క మొలిచింది. ఆవగింజంత ఉన్నది పెసరగింజంతయి, వణికి, ఒక సన్నని గీత గీస్తూ మెల్లగా కిందికి దిగింది. వీరుడు సింహనాదం చేసి మార్కరు పెన్నుతో దాని చుట్టూ చక్రవ్యూహం గీశాడు.

యుద్ధానికి ముహూర్తం ఆ రోజు కుదరదు. తడి మీద జిగురు నిలవదు. బూటు కడుపునిండా పాత వార్తాపత్రికలు కుక్కి, ఫ్యాను గాలికి తలకిందులుగా వేలాడదీశారు. పూర్తిగా ఆరాకనే గరుకు కాగితంతో దుమారం, ఆల్కహాలుతో అభ్యంగనం. ఆపై అక్వాసీల్ అనే దివ్యాస్త్రం. ట్యూబు మూతి విప్పగానే ఘాటు ముక్కుపుటాలను తాకింది, కిటికీలు తెరుచుకున్నాయి. రంధ్రం మీదే కాక, చుట్టూ వేలెడు మేర సన్నగా పూయవలె. మధ్యలో గాలిబుడగ మిగిలితే అది విభీషణుడు, కోట గుట్టు బయటపెడుతుంది. పుల్లమొనతో దాన్ని పొడిచి వధించాలి. కోటాల్ అనే వేగోత్పాదక ద్రవం కలిపితే గంటల్లో గట్టిపడుతుందంటారు. తొందరపాటు వీరులు కలుపుకోవచ్చు. నాకు మాత్రం ఒక పగలూ ఒక రాత్రీ ఊరుకోవడమే నచ్చుతుంది.

మరునాడు మళ్లీ నీరు, మళ్లీ పౌడరు, మళ్లీ బాసింపట్టు. చుక్క మొలవలేదు.

మిగిలిన దివ్యాస్త్రం సంగతి ఒకటుంది. ఒకసారి మూత విప్పాక గాలిలోని తేమకు అది ట్యూబులోనే రాయవుతుంది. అందుకే దాన్ని మూత బిగించి ఫ్రీజరులో, చేపముక్కల పొట్లానికీ ఐస్‌క్రీము డబ్బాకూ నడుమ ప్రతిష్ఠిస్తారు. ఇంట్లో పిల్లలుంటే పైఅరలో.